గేరులో ఉన్నా నిలవని బండి

నేను కూర్చుని తాగిన చాయ్‌లు తక్కువ. బోధన్ బస్టాండు ఎదురు హోటల్లోనైనా, రైతు ఇంటి అరుగు దగ్గరైనా నిలబడే సాసర్‌లో పోసుకుని, రెండు గుక్కల్లో ముగించి బయటపడేవాణ్ణి. చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్ కొలువు నాకు సరిపోయింది అందుకే. ఊరూరూ తిరగాలి. ఎవరి తోట పక్వానికి వచ్చిందో చూడాలి. ఎవరు ముందు నరకాలో, ఎవరు ఆగాలో చెప్పి చీటీ ఇవ్వాలి. పొద్దున ఎక్కిన మోటారు సైకిలు మళ్ళీ చీకటి పడ్డాకే దిగేవాణ్ణి. ఇంట్లో ఉన్న కాసేపూ వాకిట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తుంటే నా భార్య విసుక్కునేది.

"జర ఒక్కకాడ కూసోవయ్యా. నిన్ను జూస్తుంటే నా కండ్లు తిరుగుతున్నయ్."

ఆ నిలకడలేనితనమే నా ఎడమ చేతిని తిన్నది. డెబ్బైల మొదట్లో ఒక వేసవిలో, మా సొంత మడిలో మిగిలిన చెరుకుతో బెల్లం వండుతున్నాం. గానుగకు గడను అందించి వదిలేయాలి, రోలర్లు దాన్ని వాటంతట అవే లాక్కుంటాయి. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన పనే. కానీ అవి లాక్కునే వేగం నాకు చాలేది కాదు. ప్రతి గడనూ చివరిదాకా నేనే తోసేవాణ్ణి. ఆ రోజు గడతో పాటు చెయ్యీ పోయింది. ఎడ్లను ఆపేసరికి నడిమి మూడు వేళ్ళు లేవు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. వాటితో హ్యాండిల్ పట్టుకోవచ్చు గాని క్లచ్ లివరు లాగలేను.

నా సొంత బండి ఎర్రటిది, రెండు సైలెన్సర్లది, బరువైనది. వెనక టైరు గడ్డలు గడ్డలుగా ఉండే బురద టైరు. రేగడి మన్ను ఇరుక్కుని చక్రం బిగుసుకుపోకుండా మడ్‌గార్డును జానెడు పైకి ఎత్తించి పెట్టుకున్నాను. ఆ బండికి ఒక మంచి గుణం ఉంది. గేరు తొక్కినప్పుడు క్లచ్ దానంతట అదే విడుతుంది, కాబట్టి నడిచే బండికి గేర్లు మార్చడానికి చేత్తో పని లేదు. కానీ ఆగిన బండిని కదిలించాలన్నా, కదిలే బండిని ఆపాలన్నా చెయ్యి కావాల్సిందే. మా పనంతా ఆగడం, కదలడమే. చెరుకు బండ్ల వెనక, కాలువ కట్టల మీద, ఎడ్లు ఎంత నిదానంగా నడిస్తే అంత నిదానంగా పోవాలి. మైలు దాటేలోపు ఎన్నిసార్లు క్లచ్ లాగాలో లెక్క ఉండదు.

పుండు మానాక చెరుకు విభాగం ఆఫీసరు నన్ను పిలిపించాడు. ఆయన కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. చెడ్డవాడు కాదు.

"ఈ చేత్తో బండేం నడుపుతావయ్యా? కాంటా దగ్గర కూర్చో. వచ్చిన చెరుకు తూకం చూసుకుంటూ నీడపట్టున ఉంటావు. జీతం తగ్గదులే."

"కూసునుడు నాతోని కాదు సార్."

ఆయన నవ్వాడు. "సరే. చెరుకు క్రషింగు మొదలయ్యే ముందు తోటల మీదికి వస్తాను. బండ్ల బాటలో, కాలువ కట్ట మీద నా కళ్ళ ముందు నడిపి చూపించు. నడిపితే ఫీల్డు, లేదంటే కాంటా."

కాంటా గదిలో ఒక కుర్చీ, ఒక కిటికీ ఉంటాయి. పొద్దంతా ఆ కిటికీలోంచి ఎడ్ల వీపులు చూస్తూ కూర్చోవాలి. ఆ కుర్చీ తలుచుకుంటేనే లేచి వాకిట్లో నడవడం మొదలుపెట్టేవాణ్ణి.

నిజామాబాద్‌లో రైల్వే గేటు దగ్గర నా భార్య తమ్ముడికి ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆయిల్ ఇంజన్లు, మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు. ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్ల బండ్లన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ఆ పని మీదే అతని ఇల్లు నడిచేది. నేను వెళ్ళేసరికి చేతులకు గ్రీజుతో కూర్చుని ఉన్నాడు. కట్టు విప్పిన నా చేతిని అతను మొదటిసారి చూడటం అప్పుడే. ఒక్క క్షణం మొహం మాడింది. వెంటనే సర్దుకున్నాడు.

"ఏం బావా, రాంగనే చిటికెనవేలు సూపెడుతున్నవ్? ఒంటికి వచ్చిందా? గా గోడ ఎనకకు పో."

బడిలో పిల్లలు అడిగినట్టు అడుగుతున్నానట. చెయ్యి పోయిన తరవాత నేను నవ్వింది ఆ రోజే.

అతని ముందు ఒక చిన్న మోపెడ్ విప్పి ఉంది. అలాంటివి మా ఊళ్ళలో అప్పుడప్పుడే కనిపిస్తున్నాయి.

"దీనికి క్లచ్ లివర్ ఏదో సూపెట్టు బావా."

వెతికాను. లేదు. "మరి ఆగుడు ఎట్ల?"

"జాతరల రంగులరాట్నం ఎక్కలేదా? నిమ్మలంగ తిరిగితే కుర్సీలు కిందికే ఉంటయ్. జోరైతే బయటికి లేస్తయ్. దీని లోపల గూడ గంతే. ఇంజను మెల్లగ తిరిగితే పట్టు ఇడుస్తది, జోరు జేస్తే పట్టుకుంటది. చెయ్యితోని పనే లేదు."

"గిదే నా బండికి ఎక్కియ్యి."

"ఇది పిట్ట, అది దున్నపోతు. దీని చెప్పులు దానికి పడతయా?" అన్నాడు గాని, అతని చూపు అప్పటికే నా బండి ఇంజను మీద ఉంది.

రెండు వారాలు పట్టింది. లేతు మిషను దగ్గర కూర్చుని ఒక ఇనుప పళ్ళెం చేయించాడు. అందులో మధ్య నుంచి అంచు వైపు మెల్లగా పైకి లేచే గాడులు. ఆ గాడుల్లో లారీ బేరింగు గుండ్లు. ఇంజను నిదానంగా ఉన్నప్పుడు గుండ్లు లోపలే పడి ఉంటాయి. ఎక్సలేటర్ ఇస్తే బయటికి పరుగెత్తి, గాడి ఎక్కి, క్లచ్ ప్లేట్లను ఒకదానికొకటి నొక్కుతాయి. వాటిని వెనక్కి లాగడానికి సన్న స్ప్రింగులు. చెప్పడానికి ఇంతే. మొదటిసారి బిగించినప్పుడు ఎత్తు ఎక్కలేక ప్లేట్లు జారి కమురు వాసన కొట్టింది. రెండోసారి ఎక్సలేటర్ వదిలేసినా బండి ఆగకుండా ముందుకు పాకింది. నేను ప్రతిసారీ "ఇగ చాలు, కట్టెయ్, నడుపుకుంట" అనేవాణ్ణి. అతను వినకుండా మళ్ళీ మూత విప్పేవాడు.

"తొందరుంటే కాంటా కాడికి పో బావా. ఆడ కుర్సీ ఉన్నదట."

ఆఖరికి కుదిరింది. మొదటి గేరులో వేసి నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంజను నడుస్తోంది, బండి కదలడం లేదు. ఆ బండి అలా నా కింద కదలకుండా ఓపిక పట్టడం నాకు వింతగా ఉంది. కుడి మణికట్టు కొంచెం తిప్పితే మెల్లగా పట్టుకుని నడిచింది. తగ్గిస్తే ఆగింది. ఇంజను ఆరిపోలేదు.

కానీ దానికి కొత్త అలవాట్లు నేర్చుకోవాలి. ఆగి ఉన్నప్పుడు రయ్ రయ్‌మని ఎక్సలేటర్ తిప్పడం నా చేతి గుణం. ఈ బండికి అలా చేస్తే ముందుకు దూకుతుంది. రెండుసార్లు షెడ్డు తలుపును గుద్దాను. దిగుడులో మామూలు బండికి ఎక్సలేటర్ వదిలేస్తే ఇంజను పట్టి ఆపుతుంది. ఇది పూర్తిగా వదిలేస్తే పట్టు విడిచి జారిపోతుంది. దిగుడులోనూ కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి పట్టులో ఉంచాలి. ఇవన్నీ నేర్చుకున్నాను. ఒకటి తప్ప.

మా చెరుకు మళ్ళలో నేల మెత్తన. పెద్ద స్టాండు మీదికి బండి ఎక్కించడం బురదలో అయ్యే పని కాదు. అందుకని అందరం పక్క స్టాండు వేసి, బండిని గేరులోనే ఉంచి, ఇంజను ఆపి వెళ్ళేవాళ్ళం. గేరులో ఉన్న బండి కట్ట వాలులోనైనా కదలదు. కానీ ఈ క్లచ్‌కు ఇంజను ఆగితే పట్టే ఉండదు. గేరులో ఉన్నా లేనట్టే. నా బావమరిది తుమ్మ కర్రతో ముక్కోణంగా ఒక చెక్క చెక్కి, తాడుతో క్యారియర్‌కు కట్టాడు.

"దిగంగనే చక్రం కింద ఇది పెట్టాలె. మర్సిపోకు బావా. గేర్ల ఉన్నదని నమ్మకు."

మొదటి రోజే ఒక ఊళ్ళో వంగి చక్రం కింద చెక్క పెడుతుంటే, బండి తోలుకుపోతున్న ఒక రైతు ఎడ్లను ఆపి మరీ అడిగాడు.

"ఏంది సారూ, అడ్డు చెక్క పెడుతున్నవ్? మరి ఎడ్లు యాడ?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వినట్టు చేశాను. కానీ అది నా లోపల గుచ్చుకుంది. ఎడ్ల బండివాడిలా వంగడం నామోషీ అనిపించింది. అప్పటి నుంచి ఎవరూ చూడనప్పుడే చెక్క పెట్టేవాణ్ణి. చూస్తుంటే చదును నేల వెతుక్కుని ఆపేవాణ్ణి.

ఆఫీసరు వచ్చే రోజున నా బావమరిది కూడా నిజామాబాద్ నుంచి పొద్దున బస్సుకే దిగాడు. "ఆయినె నీ చెయ్యి సూస్తడు, నేను నా క్లచ్ చప్పుడు ఇంట" అన్నాడు. ముందు రోజు వాన పడింది. రేగడి జిగురు జిగురుగా ఉంది. ఆఫీసరు జీపు కాలువ కట్ట మీద ఆగి ఉంది. పక్కన నలుగురైదుగురు రైతులు. నేను కింద బండ్ల బాటలో మొదలుపెట్టాను. ఒక రైతు బండి వెనక ఎడ్ల అడుగులకు అడుగు కలిపి నడిపాను. అది ఆగినప్పుడు ఆగాను, కదిలినప్పుడు కదిలాను. కట్ట మీదికి ఎక్కే ఏటవాలు బాటలో సగంలో కావాలనే ఆపి, బ్రేకు మీద నిలబెట్టి, మళ్ళీ ఎత్తుకున్నాను. వెనక టైరు ఒక్కసారి జారి, మన్ను పట్టుకుని, పైకి తోసింది. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద ఊరికే ఆనించి ఉంచాను. అందరూ అదే చూస్తున్నారని తెలుసు.

"శభాష్! ఇలా రావయ్యా!" అని ఆఫీసరు చెయ్యి ఊపాడు.

కట్ట అంచున, బాట ఇంకా వాలు విడవని చోటే ఆపేశాను. పక్క స్టాండు వేశాను. ఇంజను ఆపాను. మరిచిపోయానని చెప్పుకుంటే తేలిక. మరిచిపోలేదు. నా చెయ్యి క్యారియర్ మీది తాడు దాకా వెళ్ళింది. రైతులు చూస్తున్నారు. అందరిలో వంగి చెక్క పెట్టడానికి మనసొప్పలేదు. ఆఫీసరు పిలిచాడు, ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. తాడు వదిలి ఆయన దగ్గరికి ఇంచుమించు పరుగెత్తాను.

నా బావమరిది కింది నుంచి ఎక్కి వచ్చి, బండికి ఎడమ పక్కన గొంతుక్కూర్చున్నాడు. క్లచ్ మూత ఎంత వేడెక్కిందో చూడటానికి దాని మీద అరచెయ్యి పెట్టాడు. అప్పటిదాకా బురదలో ఆనుకుని నిలిచిన చక్రం ఆ కాస్త తాకిడికి కదిలింది. నేను అతని కేక విని తిరిగేసరికి, బండి మూరెడు వెనక్కి జారి, స్టాండు బురదలో దిగబడి, అతని కుడి కాలి మీద పడి ఉంది. ఎముక విరిగిన చప్పుడు నేను వినలేదు. రైతుల్లో ఒకాయన విన్నానన్నాడు.

నలుగురం కలిసి బండి లేపాం. ఆఫీసరు మొహం ఎర్రబడింది.

"ఇదేం ప్రయోగమయ్యా? గేరులో ఉన్న బండి ఎలా జారింది? ఇలాంటి పని చేసేవాడి దగ్గరికా మన బండ్లన్నీ పంపుతున్నాం?"

నేను నోరు తెరిచేలోపే నా బావమరిది నేల మీద నుంచి అన్నాడు. "నా తప్పే సార్. స్ప్రింగు సరిగ పడలే. బావకు ఎర్క లేదు."

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. అతని కాలు పట్టుకుని అక్కడే కూర్చున్నాను. నా జీవితంలో నేను కదలకుండా కూర్చున్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

"నువ్వు బాగానే నడిపావు. ఫీల్డులోనే ఉండు," అన్నాడు ఆఫీసరు నాతో. "ఇతని షెడ్డుకు మాత్రం ఇక మన బండ్లు ఒక్కటీ వెళ్ళడానికి వీల్లేదు."

ఆయన జీపులోనే నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. కాలికి పిండి కట్టు వేశారు. అందరూ వెళ్ళాక మంచం పక్కన నిలబడి అడిగాను.

"ఎందుకన్నవ్ గట్ల?"

"మరేమనాలె? నీ కొలువు పోతే అక్క నా పానం తీస్తది."

"చెక్క..."

"తెల్సు. కింద పడంగనే కనవడ్డది, క్యారియర్‌కే కట్టి ఉన్నది." పిండి కట్టు మీద దుప్పటి సర్దుకున్నాడు. "నువ్వు పెట్టినవనుకున్న బావా. అందుకే సూడలే."

అతను నన్ను తిట్టింది అంతవరకే. దాన్ని తిట్టు అనవచ్చో లేదో కూడా నాకు తెలియదు.

క్రషింగు మొదలైంది. నేను తోటల్లో తిరిగాను. ఆగిన ప్రతిచోటా, ఎవరు నవ్వినా, వంగి చెక్క పెట్టాను. అప్పుడు పెట్టి ఏం లాభం? ఆ క్లచ్ ఒక్కరోజు కూడా తప్పు చేయలేదు. స్ప్రింగు సరిగా పడలేదన్న మాట అబద్ధమని బండి ప్రతి ఎత్తులోనూ నాకు చెబుతూనే ఉంది. "మస్తుగున్నది సారూ, ఎవలు చేసిండ్రు?" అని రైతులు అడిగేవారు. నేను వినబడనట్టు ఎక్సలేటర్ తిప్పేవాణ్ణి. అటు రైల్వే గేటు దగ్గర షెడ్డుకు బండ్లు రావడం ఆగిపోయింది. ఫ్యాక్టరీ వద్దన్నాక ఊళ్ళవాళ్ళూ జంకారు.

నా భార్యకు నేనే చెప్పాను, దవాఖాన నుంచి వచ్చిన రోజే. ఆమె ఏడవలేదు. పెట్టాల్సిన చోట అన్నం పెట్టేది, తీయాల్సిన చోట పళ్ళెం తీసేది. మాట లేదు. వాకిట్లో తిరుగుతుంటే కూర్చోమని కూడా అనడం మానేసింది. అది మరీ భరించలేకపోయాను. ఒక రోజు నేనే ఆమె ముందు నిలబడి, "కాలు అతుక్కుంటదన్నడు డాక్టరు" అన్నాను.

"కాలు అతుకుతది," అన్నది ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా. "పని రానోడని పేరొచ్చె. గది ఎట్ల అతుకుతదో గా డాక్టర్‌నే అడుగు."

మరుసటి పొద్దున ఆఫీసరు గదికి వెళ్ళాను. ఆయన కూర్చోమన్నాడు. కూర్చోలేదు. తుమ్మ చెక్క ఆయన బల్ల మీద పెట్టాను.

"గా రోజు ఇది చక్రం కింద పెట్టాలె సార్. నేను పెట్టలే. క్లచ్ మంచిగనే ఉన్నది. ఇంజను ఆపితే అది ఇడుస్తది, దాని తీరే గట్ల. మా బావమరిది ముందే చెప్పిండు. నలుగురి ముందు వంగబుద్ధి కాలే నాకు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"కొలువు పోతదని."

ఆయన చెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "బండ్లు ఆ షెడ్డుకే పంపమని చెబుతాను," అన్నాడు చివరికి. "నువ్వు మాత్రం కాంటా దగ్గరికి వెళ్ళు. నీ చేతిని చూసి కాదు."

దీన్ని ధైర్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ఇంట్లో ఆ మౌనం మధ్య ఉండలేక వెళ్ళాను. తోటల్లోకి నన్ను పరుగెత్తించిన కాళ్ళే అక్కడికీ తీసుకుపోయాయి. నిజంగా మంచి మనసుంటే ఆ కట్ట మీదే మాట పెగిలేది.

కాంటా కుర్చీ నేను అనుకున్నంత కష్టంగానే ఉండింది. బండి వస్తుంది, తూకం చూస్తాను, చీటీ రాస్తాను, బండి పోతుంది. బల్ల కింద కాలు ఆడుతూనే ఉండేది. ఎడ్ల వీపులన్నీ ఒకేలా ఉండేవి. కిటికీలోంచి ఒక ఫీల్డ్‌మన్ బండి పోయిన చప్పుడు వినిపిస్తే, నా కుడి మణికట్టు దానంతట అదే తిరిగేది.

మోటారు సైకిలు నా బావమరిదికి ఇచ్చేశాను. వద్దన్నాడు, తరవాత తీసుకున్నాడు. కుడి కాలు సరిగా వంగేది కాదు గాని బ్రేకు తొక్కడానికి చాలేది. పనికిరాని క్లచ్ లివరును పూర్తిగా ఊడదీసేశాడు. అది చూసి ముచ్చటపడి ఇద్దరు ముగ్గురు తమ బండ్లకూ చేయించుకున్నారు.

ఆ సీజను చివర్లో ఒక మధ్యాహ్నం అతను కాంటా దగ్గరికి వచ్చాడు. బండ్ల వరుస పక్కన, వాలు మీద ఆపాడు. దిగి, తాడు విప్పి, బిగుసుకున్న కాలు పక్కకు చాపి వంగబోయాడు. వరుసలో ఉన్న ఒక బండివాడు పాత పాటే ఎత్తుకున్నాడు.

"ఏందన్నా, చెక్క పెడుతున్నవ్? ఎడ్లు యాడ పోయినయ్?"

"ఉన్నది ఒక్కటే," అన్నాడు నా బావమరిది, నా కిటికీ వైపు చూపిస్తూ. "తిరుగుబోతుది. గందుకే గా కుర్సీకి కట్టేసినం."

వరుసంతా నవ్వింది. నేను లేచి బయటికి వెళ్ళాను. అతని చేతిలోంచి చెక్క తీసుకుని, వంగి, వెనక చక్రం కింద గట్టిగా నెట్టి పెట్టాను. లేచి చేతులు దులుపుకున్నాను.

అతను నా మొహం వైపు చూశాడు. నవ్వాడు. తరవాత, నాతో ఏదో అంటూనే, మంచి కాలితో చెక్కను ఒకసారి తన్ని చూసుకున్నాడు.